ముందు స్ప్రింగ్ విరిగింది, ఇంట్లో మార్చుకోవచ్చా?

గతుకులరోడ్డు | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నాది పదకొండేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్. నెల రోజులుగా చిన్న గుంతలో పడినా ఎడమవైపు ముందు చక్రం దగ్గర ‘టక్’ మంటోంది. బండి ఆపి స్టీరింగ్ తిప్పితే తీగ మీటినట్టు ‘టంగ్’ మని ఇంకో శబ్దం. సస్పెన్షన్‌లోని చిన్న కడ్డీ, లింక్ రాడ్, పోయిందేమో అనుకుని ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. ఇవాళ చక్రం విప్పి టార్చి వేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. స్ప్రింగ్ అడుగు చుట్టు విరిగి ఉంది. విరిగిన ముక్క కింది గిన్నెలోనే కూర్చుంది, మిగతా స్ప్రింగ్ దాని పక్కకు జారి నిలబడింది. విరిగిన చోట సగం మేర పాత తుప్పు, మిగతా సగం మెరుస్తోంది.

ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, ఒకసారి డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు నేనే మార్చుకున్నా. పానా పట్టడం కొత్త కాదు. జాకీ, రెండు స్టాండ్లు, సాకెట్ సెట్, టార్క్ రెంచ్ ఉన్నాయి. స్నేహితుడి దగ్గర కొక్కేల స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ను నొక్కి పట్టే పరికరం) జత ఉంది, ఇస్తానన్నాడు.

ఇది ఇంట్లో చేయదగ్గ పనేనా? కొత్త స్ప్రింగ్ వచ్చేదాకా నెమ్మదిగా నడపొచ్చా?

గ్రీజుచేతులు | శుక్రవారం, రాత్రి 9:40

రెండో ప్రశ్నకే ముందు జవాబు. నడపొద్దు. స్ప్రింగ్ కింది గిన్నెకూ టైరు పక్క గోడకూ మధ్య సందు ఎంతుందో ఒకసారి వేలు పెట్టి చూడు. చాలా బండ్లలో బొటనవేలు పట్టేంతే ఉంటుంది. విరిగిన కొన ఉలిలా ఉంటుంది. అది గిన్నె దాటి బయటికొస్తే నేరుగా టైరులోకే. నెమ్మదిగా నడిపావా వేగంగా నడిపావా అని అది చూడదు.

మొదటి ప్రశ్నకు జవాబు నీ సస్పెన్షన్ ఏ రకమో తెలిశాకే. బానెట్ తెరిచి స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిసి ఉండే నిలువు గొట్టం) తల దగ్గర ఏముందో చెప్పు.

గతుకులరోడ్డు | శుక్రవారం, రాత్రి 9:58

చుట్టూ మూడు నట్లు, మధ్యలో ప్లాస్టిక్ మూత. మూత తీస్తే ఒక పెద్ద నట్టు, దాని నడుమ ఎల్లెన్ కీ పట్టే గుంట.

గ్రీజుచేతులు | శుక్రవారం, రాత్రి 10:15

అయితే మెక్‌ఫెర్సన్ స్ట్రట్. ఇప్పుడు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకో, మిగతావన్నీ మరిచిపోయినా పర్లేదు. ఆ మధ్య నట్టు జోలికి వెళ్లకు.

చుట్టూ ఉన్న మూడు నట్లు స్ట్రట్‌ను బాడీకి పట్టి ఉంచుతాయి. మధ్య నట్టు స్ప్రింగ్‌ను పట్టి ఉంచుతుంది. స్ట్రట్ బయటికి వచ్చాక కూడా స్ప్రింగ్ నొక్కుకునే ఉంటుంది, దాన్ని ఆపేది ఆ ఒక్క నట్టే. కంప్రెసర్ బిగించకుండా అది విప్పితే టాప్ మౌంట్ (స్ట్రట్ తలను బాడీకి కలిపే భాగం), నట్టు, స్ప్రింగ్ అన్నీ కలిసి ఎగురుతాయి. విప్పేవాడి ముఖం సరిగ్గా దాని ఎదురుగానే ఉంటుంది మరి.

లెక్కలపిచ్చి | శుక్రవారం, రాత్రి 11:03

ఎంత శక్తి అన్నది ఒకసారి లెక్క వేసి చూద్దాం, భయం ఎంత పెట్టుకోవాలో తెలుస్తుంది.

స్ప్రింగ్ గట్టిదనం మిల్లీమీటరుకు 25 న్యూటన్లు అనుకుందాం. చిన్న కారుకు అటూ ఇటూగా అంతే ఉంటుంది. దాన్ని 150 మి.మీ. నొక్కితే తిరిగి తోసే బలం 3750 న్యూటన్లు. అంటే దాదాపు 380 కిలోల బరువు. లోపల దాచుకున్న శక్తి దాదాపు 281 జౌల్స్. 28 కిలోల ఇనప దిమ్మను మీటరు ఎత్తు నుంచి కాలి మీద వదిలితే ఎంతో, అంత. కాకపోతే దిమ్మ కిందికే పడుతుంది, స్ప్రింగ్ ఎటు పోతుందో మనం చెప్పలేం.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. నొక్కే దూరం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. మొదటి 50 మి.మీ.లో దాచుకునేది 31 జౌల్స్. చివరి 50 మి.మీ.లో, అంటే 100 నుంచి 150కి వెళ్లేటప్పుడు, 156. కంప్రెసర్‌ను ‘ఎందుకైనా మంచిదని ఇంకో నాలుగు చుట్లు’ బిగించేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి. స్ప్రింగ్ పై కొన ఆనే పైసీటు వదులైతే చాలు, ఆపేయాలి.

విరిగిన చోట సగం తుప్పు, సగం మెరుపు అన్నారు కదా. పెయింటు ఎక్కడో రాయి తగిలి లేచిపోయి ఉంటుంది, అక్కడ తుప్పు పట్టి చిన్న పగులు మొదలై ఉంటుంది. తుప్పు ఉన్న సగం నెలల తరబడి మెల్లగా తెరుచుకుంది. మెరిసే సగం ఒక్క క్షణంలో తెగింది.

ఆదివారం_మెకానిక్ | శనివారం, ఉదయం 7:20

అబ్బా, బాంబు తీసేస్తున్నట్టు చెబుతున్నారేంటి అందరూ. నేను ఇప్పటికి మూడు కార్లకు మార్చా, అన్నీ అవే కొక్కేల కంప్రెసర్లతో. నట్లు వేగంగా తిప్పే ఇంపాక్ట్ గన్ పెట్టి రెండు వైపులా బర్రుమనిపిస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. బ్రో, ధైర్యంగా చెయ్. పైగా విరిగింది ఒకటే కాబట్టి ఒకటే కొనుక్కో, రెండోది దండగ.

గ్రీజుచేతులు | శనివారం, ఉదయం 8:05

‘ఇంపాక్ట్ గన్ పెట్టి రెండు వైపులా బర్రుమనిపిస్తే’

తమ్ముడూ, ఈ మాట కొత్తవాళ్లు చదివే చోట రాయకు. కొక్కేల కంప్రెసర్‌లో ఉన్నది ఒక పొడుగాటి మర, దాని మీద ఒక నట్టు. గన్‌తో తిప్పితే మర వేడెక్కి రేగిపోతుంది. రేగిన మర బిగించేటప్పుడు బానే ఉంటుంది. వదిలేటప్పుడు పట్టేస్తుంది, అప్పుడు నొక్కి ఉన్న స్ప్రింగ్ చేతిలో పెట్టుకుని ఎటూ పోలేవు. ఇంకోటి, గన్‌తో ఒకవైపు ఎంత బిగిసిందో చేతికి తెలియదు. ఒకవైపు ముందుకెళ్లిందంటే స్ప్రింగ్ వంగుతుంది, వంగితే కొక్కెం జారుతుంది.

రెండు వైపులా మార్చడం గురించి: పదకొండేళ్లు కుంగిన స్ప్రింగ్ ఒకవైపు, కొత్తది ఇంకోవైపు పెడితే బండి ఎత్తులో తేడా వస్తుంది, బ్రేకు కొట్టినప్పుడు పక్కకు లాగొచ్చు. జతగానే మార్చాలి. ఇందులో బేరం లేదు.

పాతబండి | శనివారం, ఉదయం 10:31

నా కథ చెబుతా. పదేళ్ల కిందట ఇలాగే అరువు తెచ్చుకున్న కంప్రెసర్లతో కూర్చున్నా. కొక్కేలకు సేఫ్టీ పిన్నులుండాలి. కొక్కెంలో స్ప్రింగ్ కడ్డీ కూర్చున్నాక అది బయటికి జారకుండా అడ్డంగా గుచ్చే చిన్న పిన్నులు. అవి ఎప్పుడో పోయాయట, నేనూ అడగలేదు. స్ప్రింగ్‌కు కొత్త పెయింటు, నున్నగా ఉంది. సగం దూరం బిగించాక ‘కిర్’ మని చిన్న శబ్దం. ఏంటా అని ఒక అడుగు పక్కకు జరిగి చూశా. ఆ జరగడమే నన్ను కాపాడింది. ఒక కొక్కెం చుట్టు వెంబడి జారి రెండోదాని దగ్గరికి వచ్చేసింది, స్ప్రింగ్ మొత్తం విల్లులా వంగి బయటికి దూకింది. షెడ్డు రేకు తలుపుకు తగిలి అరచేయంత సొట్ట. నాకేం కాలేదు. చేతులు వణుకుతూ అరగంట మెట్ల మీద కూర్చున్నా.

కంప్రెసర్ అరువు తెచ్చుకున్నప్పుడు ముందు నాలుగు కొక్కేలనూ డీజిల్‌తో కడిగి, వంపు తిరిగే మూలల్లో గీతలేమైనా ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. మర చివరిదాకా నట్టు వేలితో తిరగాలి. తిరగకపోతే మర్యాదగా తిరిగిచ్చేయండి.

నిర్వాహకుడు | శనివారం, ఉదయం 11:00

ఇంపాక్ట్ గన్ సలహాను తొలగించడం లేదు, కింది జవాబులతో కలిపి చదివితే అందరికీ పనికొస్తుంది. విడిగా చదివి పాటించొద్దు.

గతుకులరోడ్డు | శనివారం, మధ్యాహ్నం 1:45

చదివాక నిజంగానే టెన్షన్ వచ్చింది, అయినా చేద్దామనే ఉంది. రెండు స్ప్రింగులూ ఆర్డర్ పెట్టా. వాటితో పాటు ఇంకేం తెప్పించాలి? గ్రీజుచేతులు అన్నా, పని వరస కూడా కొంచెం చెప్తారా?

గ్రీజుచేతులు | శనివారం, రాత్రి 8:50

టాప్ మౌంట్లు, వాటి బేరింగులు, బంప్ స్టాపర్లు, దుమ్ము బూట్లు, మధ్య నట్లు కొత్తవి. స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’ అన్నది విరిగిన చుట్టు వల్లే కావొచ్చు, బేరింగ్ పట్టేసినా అదే శబ్దం. ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి వదలకు. షాక్ అబ్జార్బర్ నూనె కారుతుంటే అదీ ఇప్పుడే. స్ప్రింగ్ ఆర్డర్ పెట్టేటప్పుడు పాతదాని మీద పెయింటు చుక్కల రంగులు చూశావా? ఒకే మోడల్‌కు పెట్రోలు, డీజిల్ ఇంజన్లకు వేరే స్ప్రింగులుంటాయి, కొన్ని బండ్లలో కుడి ఎడమలకు కూడా వేరే. ఛాసిస్ నంబర్ ఇచ్చి సరిచూసుకో.

ఇక పని. గట్టి నేల, చదునుగా ఉండాలి. హ్యాండ్ బ్రేక్, గేరు, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు. చక్రం నట్లు నేల మీదే వదులు చేయి. జాకీతో లేపాక స్టాండ్లు పెట్టి బరువు వాటి మీదికి దించు, చేత్తో బండిని గట్టిగా ఊపి చూడు. కదిలితే మళ్లీ పెట్టు. ఇప్పుడు కదలని బండి నువ్వు కిందుండగా కూడా కదలదు. విప్పిన చక్రాన్ని పక్కన పెట్టకు, బాడీ అంచు కిందికి తోసెయ్. స్టాండ్ జారినా బండి దాని మీద ఆగుతుంది.

స్ట్రట్‌కు తగిలించిన బ్రేక్ పైపు క్లిప్పు, ఏబీఎస్ వైరు క్లిప్పు ముందు విప్పు. వైరు చక్రానికి వెళ్లే చోట లాగి తెంపినవాళ్లు బోలెడుమంది. తర్వాత లింక్ రాడ్. తర్వాత స్ట్రట్‌ను నకల్‌కు (చక్రాన్ని మోసే ఇనప భాగం) పట్టిన రెండు పెద్ద బోల్టులు. విప్పే ముందు బోల్టు తల చుట్టూ, స్ట్రట్ అంచు నకల్‌ను తాకే చోట తెల్ల పెయింటుతో గీత గీయి. క్యాంబర్ (చక్రం నిలువుగా ఎంత ఒరగాలన్న కోణం) సెట్టింగు అక్కడే ఉంటుంది. బోల్టులు తీసిన మరుక్షణం నకల్ బయటికి వాలుతుంది. దాన్ని బ్రేక్ పైపు మీద వేలాడనీయకు, ఒక తీగతో సబ్‌ఫ్రేమ్‌కో ఇంకో గట్టి చోటికో కట్టెయ్. మరీ వాలితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు ఊడొస్తుంది, అప్పుడు ఇంకో ఆదివారం ఖర్చు.

చివర్లో పైన మూడు నట్లు. మూడోది విప్పేటప్పుడు కింద ఒక మనిషి స్ట్రట్ పట్టుకుని ఉండాలి. ఇక్కడిదాకా మామూలు పనే, ప్యాడ్లు మార్చినవాడు చేయగలడు. స్ట్రట్ చేతికొచ్చాక ఆగి ఇక్కడ రాయి.

లెక్కలపిచ్చి | శనివారం, రాత్రి 9:30

చిన్న పిట్టకథ. ఈ ఏర్పాటు కనిపెట్టిన ఎర్ల్ మెక్‌ఫెర్సన్ అమెరికన్ ఇంజనీరు. 1950లో ఫోర్డ్ కాన్సల్ కారుతో ఇది జనంలోకి వచ్చింది. స్ప్రింగ్, షాక్, పై ఇరుసు అన్నీ ఒకే గొట్టం చుట్టూ సర్దేశాడు. చోటు కలిసొచ్చింది, ఖర్చు తగ్గింది. విప్పేవాడికి ఈ తలనొప్పి మిగిలింది.

గతుకులరోడ్డు | తర్వాతి శనివారం, ఉదయం 11:20

మొదలెట్టా, మొదట్లోనే ఇరుక్కున్నా. లింక్ రాడ్ నట్టు తిప్పితే దాని బోల్టు కూడా కలిసి తిరుగుతోంది. రెండు గంటలైంది.

ఆదివారం_మెకానిక్ | ఉదయం 11:26

బోల్టు కొనలో చిన్న ఎల్లెన్ గుంట ఉంటుంది చూడు. తుప్పుతో నిండి ఉంటుంది, మేకుతో గీకి శుభ్రం చెయ్. ఎల్లెన్ కీ అందులో పెట్టి కదలకుండా పట్టుకో, నట్టు రింగు పానాతో తిప్పు. ముందు తుప్పు వదిలే స్ప్రే కొట్టి పది నిమిషాలు వదిలెయ్. గుంట అరిగిపోతే కోసెయ్, లింక్ రాడ్ పెద్ద ఖరీదు కాదు.

గతుకులరోడ్డు | మధ్యాహ్నం 12:10

వచ్చేసింది బ్రో, థాంక్స్! నకల్ బోల్టులు పొడుగు పైపు తగిలిస్తే గానీ కదల్లేదు. నకల్‌ను తీగతో కట్టా. స్ట్రట్ బయటికొచ్చింది, చూస్తే మోకాలంత పొడుగు. మధ్య నట్టు ముట్టుకోలేదు, ప్రమాణం.

గ్రీజుచేతులు | మధ్యాహ్నం 12:32

బాగుంది. ఇప్పుడు తొందర అక్కర్లేదు. కంప్రెసర్ మరలకు గ్రీజు పెట్టు. కొక్కేలు రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి, వీలైనన్ని ఎక్కువ చుట్లు వాటి మధ్య పడాలి. పిన్నులు గుచ్చు. స్ట్రట్‌ను నేల మీద పడుకోబెట్టి, తల వైపు గోడ ఉండేలా పెట్టు. దాని రెండు కొనలకూ ఎదురుగా నువ్వు కానీ ఇంకెవరైనా కానీ ఉండొద్దు. చేతి పానాతోనే, ఒకవైపు రెండు చుట్లు, ఇంకోవైపు రెండు చుట్లు. స్ప్రింగ్ తిన్నగా కురచ కావాలి. పైసీటు చేత్తో తిరిగి, స్ప్రింగ్ రెండు సీట్ల మధ్య కొద్దిగా ఆడిందంటే ఆపు. అప్పుడే మధ్య నట్టు.

నట్టు విప్పేటప్పుడు రాడ్‌ను ఎల్లెన్ కీతో ఆపాలి, ప్లయర్‌తో కాదు. రాడ్ మీద ఒక్క గీత పడితే అది సీలును కోస్తుంది, నెల తిరక్కుండా నూనె కారుతుంది.

గతుకులరోడ్డు | మధ్యాహ్నం 1:50

అన్నా, చిన్న అనుమానం. నా స్ప్రింగ్ నడుము లావుగా, రెండు కొనలు సన్నగా ఉంది. అడుగు చుట్టు లేకపోవడంతో కొక్కెం పట్టడానికి సగం చుట్టు తక్కువైంది. ఇప్పటికి పన్నెండు చుట్లు బిగించా. రెండూ ఎదురెదురుగానే పెట్టాను, కానీ ఎడమది వేలెడు జరిగినట్టుంది. స్ప్రింగ్ కొంచెం ఒకవైపు ఒరిగింది.

పాతబండి | మధ్యాహ్నం 1:53

ఆపు. పానా కింద పెట్టు.

గ్రీజుచేతులు | మధ్యాహ్నం 1:58

ఆపేశావా? దాన్ని తట్టి సర్దాలని చూడకు. పక్క నుంచి, ఒకవైపు ఒక చుట్టు, ఇంకోవైపు ఒక చుట్టు వెనక్కి తిప్పుతూ పూర్తిగా వదిలెయ్. మధ్య నట్టు బిగుసుకునే ఉంది కాబట్టి వదిలాక స్ట్రట్ బండిలో ఎలా ఉండేదో అలాగే ఉంటుంది. దాన్ని చేత్తో మోసుకెళ్లొచ్చు.

నడుము లావు స్ప్రింగులకు కొక్కేలు పడవు. చుట్టు వెంబడి ఏటవాలు ఉంటుంది, నొక్కేకొద్దీ జారుతూనే ఉంటాయి. అడుగు చుట్టు విరిగితే ఇంకా కష్టం, పక్కకు ఒరుగుతుంది. దీనికి గిన్నె లాంటి దవడలున్న బెంచీ కంప్రెసర్ కావాలి. ఏ సస్పెన్షన్ షెడ్డులోనైనా ఉంటుంది. స్ట్రట్ రెండూ, కొత్త సామాన్లూ డిక్కీలో వేసుకుని ఇంకో బండిలో పట్టుకెళ్లు. పని పది నిమిషాలు.

ఆదివారం_మెకానిక్ | మధ్యాహ్నం 2:15

నేను చేసిన మూడింటివీ తిన్నని స్ప్రింగులే, ఇప్పుడు గుర్తు చేసుకుంటే.

గతుకులరోడ్డు | రాత్రి 8:40

వదిలేశాను. వదలడానికే ఇరవై నిమిషాలు పట్టింది, చొక్కా తడిసిపోయింది. కుడివైపు స్ట్రట్ కూడా విప్పి రెండూ షెడ్డుకు తీసుకెళ్లా.

కుడి స్ప్రింగ్ బయటికి తీశాక అడుగు చుట్టుకు తొడిగిన ప్లాస్టిక్ గొట్టం జరిపి తుడిచి చూశాం. ఎడమది ఎక్కడ విరిగిందో కుడిదాంట్లో సరిగ్గా అక్కడే తుప్పు గుంట, దాని నడుమ గోరు పట్టేంత పగులు. వేలితో తడిమితే తెలుస్తోంది. ఒకటే కొనుంటే ఇంకో నెలకు మళ్లీ ఇదే కథ.

ఎడమ బేరింగ్ కూడా పట్టేసింది, చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టు గరగర.

గ్రీజుచేతులు | రాత్రి 9:05

మంచి పని చేశావు. బిగించేటప్పుడు స్ప్రింగ్ కింది కొన గిన్నెలోని మెట్టుకు ఆనిందో లేదో చూడు. షెడ్డువాళ్లు పెట్టినా సరే, నీ కళ్లతో చూడు. నకల్ బోల్టులు తెల్ల గీతల దగ్గరికి తెచ్చి మాన్యువల్‌లో ఇచ్చిన టార్కుకు బిగించు. రబ్బరు బుష్ ఉన్న బోల్టు ఏదైనా వదులు చేసి ఉంటే దాన్ని మాత్రం బండి నేల మీదికి దిగాకే చివరిగా బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. బ్రేక్ పైపు మెలిక పడలేదని స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పి చూడు.

గతుకులరోడ్డు | ఆదివారం, సాయంత్రం 5:30

బిగించేశా. చప్పుడు లేదు! ముందు భాగం రెండు వేళ్లు పైకి లేచినట్టుంది. తిన్నగా వెళ్తుంటే స్టీరింగ్ మాత్రం కొంచెం ఎడమకు తిరిగి ఉంటోంది. గీతలు చూసే కలిపాను మరి.

లెక్కలపిచ్చి | ఆదివారం, సాయంత్రం 5:52

గీత మందమే ఒక మిల్లీమీటరు ఉంటుంది, అక్కడ అంత తేడా వస్తే చక్రం కోణం మారడానికి చాలు. పైగా ఎత్తు మారితే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది. వంద కిలోమీటర్లు నడిపి స్ప్రింగులు సర్దుకున్నాక అలైన్‌మెంట్ చేయించండి, అంతకన్నా ఆలస్యం చేస్తే టైర్లు తినేస్తుంది. చక్రం నట్లు కూడా అప్పుడే టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. హెడ్‌లైట్ల ఎత్తు ఒకసారి గోడ మీద వేసి చూసుకోండి, ముందు భాగం లేచింది కదా, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది.

ఆదివారం_మెకానిక్ | ఆదివారం, రాత్రి 7:10

ఆ బెంచీ కంప్రెసర్ ఎలా ఉంటుంది బ్రో? ఫొటో తీశావా?

గతుకులరోడ్డు | ఆదివారం, రాత్రి 7:24

తీయలేదు బ్రో, అప్పుడు ఫొటోలు తీసే ఓపిక లేదు. నిలువు స్తంభానికి పైనా కిందా దవడలు, పక్కన పెద్ద హ్యాండిల్, చుట్టూ ఇనప జాలీ తలుపు. ఆ కుర్రాడు తలుపు మూసి, గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాకే హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.